ఉప్పుబావి

ద్రోణాచలం నుంచి నంద్యాలకు పోయే రైలు
మా బండలపేటలో రెండు నిమిషాలే నిలబడేది.
యుద్ధం యాడనో జరుగుతాంటే
ఆ ఏడు, శివరాత్రి దాటినాక,
ఒక పగలంతా నిలబడింది.
గుడారాలు దిగినాయి, కంచరగాడిదలు దిగినాయి,
ముళ్ళతీగ చుట్టలు దిగినాయి.
ఇస్కూలు వాళ్ళదయింది. బుడ్డల గోదాము వాళ్ళదయింది.
ఎవరి కోళ్ళో కోళ్ళకే తెలియకుండా పోయింది.
పొద్దుగుంకితే దీపం పెట్టగూడదని
దండోరా వేసింది మా తాతే,
తోటి సుంకన్న.
ఎవరి హుకుమైనా
ఆయన తప్పెట మీదెక్కే ఊర్లోకి వచ్చేది.

పక్క ఊరి బావికి ముళ్ళతీగ చుట్టి
ఆయిలింజను పెట్టి
మూడునాళ్ళలో అడుగు చూసినారని
పాలమ్మే ఫకీరమ్మ కబురు తెచ్చింది.
మాకుండేది ఒకటే మంచినీళ్ళ బావి.
మిగతా నేల యాడ తవ్వినా ఉప్పే.

ఆ రాత్రి బండలు కొట్టే దస్తగిరి, వాళ్ళ తమ్ముళ్ళు
గట్టు పీకినారు, గిలక గడ్డివామిలో దూర్చినారు.
బావి నోటి మీద తొమ్మిది నాపరాళ్ళు.
సందుల్లో సున్నం, సున్నం మీద పేడ,
తెల్లారేసరికి పేడ మీద ముగ్గు.
ముగ్గు మీద నులకమంచం.
మంచం మీద మద్దమ్మవ్వ,
లేవగలిగీ నాలుగు నెలలు లేవని మనిషి.

దొర అడిగినాడు, దుబాసీ తిప్పి అడిగినాడు:
తాగే నీళ్ళు ఏవి?
ఊరంతా ఒకే దిక్కు చెయ్యి చూపింది.
అది మా గేరి బావి.
మా గేరి దిక్కు ఊరు ఊరంతా
చెయ్యెత్తింది అదే మొదలని
మా తాత చెప్పి చెప్పి నవ్వేటోడు.

అబద్ధం నిలబడాలంటే దాన్ని తాగాల గదా.
తాగినారు. కరణం తాగినాడు, శెట్టి తాగినాడు,
రెడ్డమ్మ ముక్కు మూసుకోని తాగింది.
ఏ ఇంట్లోనూ పప్పు ఉడకలేదు.
పిల్లోల్ల కడుపులు ఉరిమినాయి.
గుడారాల ఎనక గుంతలు తవ్వడమే
సోల్జర్లకు పెద్ద డ్యూటీ అయిపోయింది.
ఒక్క రాత్రి మాత్రం, ఈడిగ ఎర్రమ్మ పురిటికి,
మంచం కింద ఒక బండ జరిగిందంట.
ఒక్క చెంబు. అంతే.

ఎవరో ఊదినారు. ఎవరో ఇప్పటికీ తెల్దు.
తోటికి తెలియని గుట్టు ఊర్లో ఉండదని
మా తాతను రైలుకట్ట మీద నిలబెట్టినారు.
చైత్రమాసపు ఎండ. కాళ్ళకింద కంకర.
ముందర ఇత్తడి బిందె నిండా
రైల్లో వచ్చిన నీళ్ళు.
చెప్తే తాగు, అన్నాడు దుబాసీ.

మా తాత అన్నాడంట:
"నేను తాగేది ఆ బావే దొరా.
మా నాయన తాగిందీ అదే, వాళ్ళ నాయన తాగిందీ అదే.
ఇంకో బావి నీళ్ళు ఎట్లుంటాయో
నా నాలుక్కి తెల్దు."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు.
అందుకే కొట్టినారు.
ఎడమ చెవి ఆ పూటతో పాయె.
ఆ తర్వాత తప్పెట కొడుతూ
తల కుడిపక్కకు వంచేటోడు,
తన దెబ్బ తనకే సరిగ్గా ఇనపడక.

ఏరువాకకు ముందు రైలు మళ్ళీ ఒక పగలంతా నిలబడింది.
ఎక్కించుకోని పోయింది.
ముళ్ళతీగ మాత్రం మిగిలింది, బర్రెల దొడ్లకు పనికొచ్చింది.

తొమ్మిది బండలు లేపినారు.
గిలక్కి ఆముదం రాసినారు.
మొదటి బిందె రెడ్డోళ్ళ ఇంటికి, రెండోది శెట్టికి.
మూడోసారి ఎవరికో గుర్తొచ్చి
మా తాతను పిలిచినారు.
దోసిలి పట్టమన్నారు.
పైనుంచి పోసినారు.

వంగి, మోచేతుల మీదుగా కారిపోతాంటే
తాగినంత తాగినాడు.
"ఎట్లుండాయిరా సుంకన్నా?"

"సప్పగుండాయి సామీ"

అని, మూతి తుడుచుకోని,
తప్పెట మెడకేసుకోని,
దీపాలు పెట్టుకోవచ్చని
దండోరా వెయ్యను పోయినాడు.